కింది రెక్క అతుకు

విమానాల మరమ్మతు పనిలో చేరాలంటే జానకిరామన్ చేయవలసినవి ఇవి. స్కూల్ ఫైనల్ ప్యాసవ్వాలి. అందులో లెక్కలూ సైన్సూ బాగా వచ్చి ఉండాలి. ఇంగ్లీషులో ఉన్న యంత్రాల పుస్తకం చదివి, చదివినదాన్ని చేత్తో చేసి చూపించగలగాలి. కాగితం మీద గీసిన పటం చూసి, అదే కొలతకు చెక్క కోయగలగాలి. వేలూరు ఆసుపత్రిలో కళ్లు చూపించుకుని, దూరపు అక్షరాలూ దగ్గరి అక్షరాలూ కనిపిస్తాయనీ, ఎరుపుకూ పచ్చకూ తేడా తెలుస్తుందనీ డాక్టరు చేత రాయించుకోవాలి. లైసెన్సు ఉన్న ఇంజనీరు ఒకాయన కింద పనిచేసి, ఇతను పనికొస్తాడని ఆయన నోట అనిపించుకోవాలి. ఆ మాట మీద మద్రాసు షెడ్డులో చేరి, ఏళ్ల తరబడి పని నేర్చుకుని, సర్కారు పరీక్షకు కూర్చోవాలి. వీటన్నిటికంటే ముందు, మగ్గం దిగుతానని ఇంట్లో నాన్నకు చెప్పాలి.

ఆ చివరిది అనుకున్నంత కష్టం కాలేదు. గుడియాత్తం నేత వీధిలో ఆరుముగం మగ్గం మీద కూర్చుంటే పిడుగు పడ్డా లేవడని పేరు. కొడుకు చెప్పిందంతా ఆయన నాడె ఆపకుండానే విన్నాడు. గాలిలో పోయేదాన్ని బాగుచేసేవాడు కూడా గాలిలోనే పోవాలా అని మాత్రం అడిగాడు. అక్కర్లేదు, నేల మీదే పని అని తెలిశాక, సరే పోయిరా అన్నాడు. ఆ ఇంట్లో బడి గడప దాటి కాలేజీ దాకా పోయినవాడు జానకిరామన్ ఒక్కడే. అంత చదివినవాడిని మళ్లీ గుంటమగ్గంలోకి దిగమనడానికి ఆరుముగానికి మనసు రాలేదు.

అవి విమానం అంటే రెండంతస్తుల రెక్కలూ, ముందొక చెక్క పంకా అనుకునే రోజులు. మద్రాసు కంపెనీ ఒకటి చలికాలంలో ఒక విమానాన్ని వేలూరు బయట మైదానంలో నిలిపి, ఉత్సాహం ఉన్నవాళ్లను ఎక్కించుకుని కోట చుట్టూ, పాలారు ఇసుక మీదుగా ఒక చుట్టు తిప్పేది. దాన్ని నడిపేవాడు దొరై అనే కుర్ర పైలట్. దాని మంచీచెడ్డా చూసే లైసెన్సు ఇంజనీరు అణ్ణామలై.

అణ్ణామలైది తిరుపత్తూరు. జోలార్పేట రైలు షెడ్డులో పని నేర్చుకుని, అక్కడి నుంచి విమానాలకు వచ్చాడు. తల్లి తెలుగామె కాబట్టి తెలుగూ అరవమూ కలిపి మాట్లాడేవాడు. తన కింద పనికి చేరిన జానకిరామన్‌కు మొదటి వారమంతా నట్లు కడగడమే ఇచ్చాడు. పెట్రోలును జింకతోలు గుండా వడకట్టి పోయడం రెండోవారం నేర్పాడు. ఒక్క నీటిచుక్క లోపలికి పోతే ఇంజను ఆకాశంలో దగ్గుతుందని, అక్కడ దగ్గుకు మందు ఇచ్చేవాడు ఉండడని అన్నాడు.

రెక్కల దగ్గరికి వచ్చేసరికి జానకిరామన్ ఆశ్చర్యపోయాడు. దూరం నుంచి రేకులా మెరిసే రెక్క దగ్గరికి పోతే గుడ్డ. లోపల సన్నని చెక్క ఎముకలు, వాటి మీద బిగించి కుట్టిన నార గుడ్డ. దానిమీద డోపు అనే ఘాటు ద్రవాన్ని పూత మీద పూత పూస్తే, గంజి పెట్టిన పడుగులా బిర్రబిగుసుకుంటుంది. ఆపైన వెండిరంగు. తమ వీధిలో ఏ ఇంటి మగ్గం మీదైనా నేయగల గుడ్డ మీద మనిషి ఆకాశంలోకి పోతున్నాడన్నమాట. ఆ సంగతి ఇంట్లో చెబితే తల్లి అమరావతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అయితే ఆ పని నీకు నేను ఎప్పుడో నేర్పినాను గదా నాయనా అంది.

అణ్ణామలై ఒక పాత రెక్కముక్కను కావాలని చించి, దాన్ని బాగుచేయడం నేర్పాడు. చిరుగు కనబడితే ముందు చేయాల్సింది కుట్టడం కాదన్నాడు. ఇంకాస్త తెరవాలి. వేలు పెట్టి, దీపం పెట్టి, లోపల చెక్క పగిలిందో లేదో చూడాలి. అది చూశాకే మైనం పట్టించిన దారంతో కుట్టు, దానిమీద అంచుల్లో పోగులు లాగిన గుడ్డముక్క, దానిమీద పూతలు. జానకిరామన్ ఆ ముక్క అంచు కనబడకుండా నున్నగా రుద్దబోతే అణ్ణామలై చెయ్యి పట్టుకున్నాడు.

“అతుకు కనపడాల తంబీ. రేపు నేనుండను, నువ్వుండవు. ఇంకొకడు వచ్చి చూసి, ఓహో ఈడ ఏదో అయినాది, లోపల చూద్దాం అని అనుకోవాల. దాచిన అతుకు దొంగతో సమానం.”

జానకిరామన్ తలూపాడు. మాట బుద్ధికి ఎక్కింది. కానీ చేతులు వేరే ఇంట్లో పెరిగిన చేతులు.

ఆ ఇంట్లో లోపం అంటే ఏమిటో చెప్పాలి. గుడియాత్తంలో వాళ్లకు నూలు ఇచ్చి గుడ్డ తీసుకునేది వరదప్పసెట్టి. నేసిన గుడ్డ తెచ్చిన రోజున ఆయన దాన్ని తన అరుగు మీద రెండు వెదురుకర్రలకు వేలాడదీసి, వెలుతురుకు ఎదురుగా నిలబడి చూసేవాడు. పోగు తెగిన చోటు కనబడితే, ఇదెవరిది అని వీధికంతా వినబడేలా అడిగేవాడు. అరుగు కింద కాచుకున్న నేతగాళ్లందరి ముందూ ఆ మనిషి చెయ్యెత్తాలి. అలా చెయ్యెత్తినవాడి పేరు వారం దాకా కుళాయి దగ్గర నలిగేది. అందుకే అంతకు ముందురోజే ఆడవాళ్లు గుడ్డను ఒళ్లో పెట్టుకుని వెతికేవాళ్లు. తెగిన చోట అదే గుడ్డ కొసనుంచి పోగు లాగి, ఒకటి పైకి ఒకటి కిందికి సూదితో అల్లి, గంజి తడి అద్ది, గోటితో నిమిరేవాళ్లు. ఆ పనిలో అమరావతిని మించినవాళ్లు లేరు. ఆమె బాగుచేసిన చోటును మరునాడు ఆమే కనుక్కోలేకపోయేది. కనబడనిదే మంచి అతుకు అని ఆమె కొడుక్కి పలకా బలపం పట్టకముందే నేర్పింది.

ఒక శనివారం కాట్పాడి స్టేషనుకు మద్రాసు నుంచి సామాను వస్తే, తేవడానికి అణ్ణామలై పోయాడు. పైలట్ దొరై ఊళ్లోకి పోయాడు. సోమవారం వరదప్పసెట్టి విమానం ఎక్కుతున్నాడు. గుడియాత్తం నుంచి ఆయన మనుషులూ, నేత వీధివాళ్లూ చూడడానికి వస్తారు. ఆ రోజే మద్రాసు నుంచి మేనేజరు కూడా వస్తాడు. నీ సంగతి ఆయనతో చెబుతానని అణ్ణామలై మాట ఇచ్చాడు.

జానకిరామన్ పెట్రోలు డబ్బాను భుజం మీద పెట్టుకుని కింది రెక్క అంచు కిందుగా వంగి నడుస్తున్నాడు. వెనకెవరో పిలిచినట్టయి తిరిగాడు. డబ్బా మూల రెక్క అడుగున తగిలింది. గుడ్డ చిరిగిన చప్పుడుతో పాటు, టక్ మని ఇంకొక చిన్న చప్పుడు వచ్చింది.

అది డబ్బా రేకు చప్పుడో, లోపలి చెక్క చప్పుడో తెలియలేదు.

చిరుగు మూడు మూలలుగా, పిల్లవాడి అరచేయంత ఉంది. తెరిచి చూడాలని తెలుసు. తెరిస్తే పెద్దదవుతుంది. పెద్ద అతుకు వేయాలి. సోమవారం నేత వీధంతా దాన్ని చూస్తుంది, ఆరుముగం కొడుకు చేసిన ఘనకార్యం ఇదేనా అంటుంది. మేనేజరు ఇదెవరిది అని అడుగుతాడు. అందరి ముందూ తాను చెయ్యెత్తాలి. అంత దూరం ఆలోచించేసరికే అతని చెయ్యి సూదిపెట్టె మూత తీసేసింది.

చిరుగు చుట్టూ గట్టిపడిన పూతను కరిగించే ద్రవంతో తుడిచి మెత్తబరిచాడు. కొత్త నారగుడ్డ నుంచి పోగులు లాగాడు. కింద వెల్లకిలా పడుకుని, తల్లి చేసినట్టే ఒకటి పైకి ఒకటి కిందికి అల్లాడు. డోపు పల్చగా అద్దాడు. ఆరాక మళ్లీ అద్ది, వెండిరంగు వేసి, గోటితో నిమిరాడు. పొద్దు వాలుతుండగా లేచి చూస్తే తనకే చోటు తెలియలేదు. ఒక్క క్షణం గర్వం వచ్చిన మాట నిజం. ఆ వెంటనే టక్ మన్న చప్పుడు గుర్తొచ్చింది.

అణ్ణామలై కాట్పాడి నుంచి రెండు బన్నులు తెచ్చి ఒకటి అతనికి ఇచ్చాడు. ఏం విశేషం అని అడిగితే, ఏమీ లేదన్నాడు జానకిరామన్.

ఆదివారం ఇంటికి పోయాడు. తండ్రికి చెప్పలేక, పొయ్యి దగ్గర తల్లికి చెప్పాడు. ఆమె సంబరపడింది. కళ్లల్లో కత్తులున్న ఇంజనీరుకు కూడా కనబడలేదా అని రెండుసార్లు అడిగింది. కంచంలో ఇంకో గరిటె పులుసు పోసింది. లోపల చెక్క ఉంటుందని, అది పగిలిందో లేదో తాను చూడలేదని చెప్పాడు.

“పగిలుంటే తెలిసేది గదా నాయనా,” అంది అమరావతి. “మంచే అనుకో. కనపడని దానికి ఏడ్చేదెందుకు?”

ఆమె తప్పేమీ లేదు. ఆమె ఎరిగిన గుడ్డ నేల మీద తిరిగేవాళ్ల ఒంటి మీద ఉండేది. అది చిరిగితే ఎవరూ కింద పడరు. ఆ మాట ఆమెకు చెప్పలేక పులుసన్నం కలుపుతూ కూర్చున్నాడు.

సోమవారం ఉదయం మైదానంలో జనం తిరునాళ్లలా చేరారు. మేనేజరు తెల్ల టోపీతో వచ్చాడు. వరదప్పసెట్టి పట్టంచు పంచె పైకి కట్టి, చెవులకు దూది పెట్టుకుని వచ్చాడు. నేత వీధివాళ్లు ఒక మూల నిలబడ్డారు. వాళ్లలో ముందు అమరావతి, మంచి చీర కట్టుకుని, కొడుకు ఎక్కడెక్కడ చెయ్యి పెడుతున్నాడో పక్కవాళ్లకు వేలు పెట్టి చూపిస్తోంది. ఆరుముగం వెనక నిలబడ్డాడు.

అణ్ణామలై రోజూ చేసినట్టే విమానం చుట్టూ తిరిగాడు. రెక్కల మధ్య బిగించిన తీగలు మీటి చూశాడు, చక్రాలు చూశాడు, పంకా అంచులు చూశాడు. ఆయన కళ్లకంటే అరచేతిని ఎక్కువ నమ్మేవాడు. కింది రెక్క అడుగున అరచెయ్యి ఆనించి మెల్లగా జరిపాడు. జానకిరామన్ అరడుగు దూరంలో గుడ్డపీలిక పట్టుకుని నిలబడ్డాడు. ఆ చెయ్యి ఆగాలని మొక్కుకున్నాడు. ఆగకూడదని కూడా మొక్కుకున్నాడు. అది ఆ చోటు మీదుగా, పసిపిల్లవాడి వీపు మీదుగా పోయినట్టు పోయింది. అణ్ణామలై చెయ్యి తుడుచుకుని, విమానం ఎగరడానికి యోగ్యంగా ఉందని సంతకం పెట్టాడు.

అంతటితో ఊరుకోలేదు. మేనేజరును పిలిచి, ఈ అబ్బాయిని చూడండి, చదువుంది, చెయ్యి ఉంది, అన్నిటికంటే చెప్పిన మాట వింటాడు, మన షెడ్డుకు తీసుకోండి అన్నాడు. మేనేజరు జానకిరామన్ భుజం తట్టాడు. ఇన్నాళ్లూ ఆ మాట కోసమే కాచుకున్నవాడికి చెవులు కాలిపోయాయి.

దొరై ఎక్కాడు. వరదప్పసెట్టిని ఇద్దరు పట్టి ముందు సీటు గుంటలో కూర్చోబెట్టారు. పంకా తిరిగింది, దుమ్ము లేచింది. బయలుదేరే ముందు విమానం గాలికి ఒరగకుండా ఒక మనిషి రెక్క కొస పట్టుకుని, పైలట్ చెయ్యూపగానే వదలాలి. ఆ పని జానకిరామన్‌ది.

దొరై చెయ్యూపాడు.

జానకిరామన్ వదలలేదు. వదలకూడదని అనుకున్నాడా అంటే, అదీ లేదు. వేళ్లు విడలేదు, అంతే. దొరై మళ్లీ ఊపాడు. ఇంజను మోత పెరిగింది. విమానం ఒక పక్కకు తిరగబోయింది. జానకిరామన్ మడమలు నేలలో గీతలు గీస్తున్నాయి.

వరదప్పసెట్టి తల బయటికి పెట్టి అరిచాడు. “ఏంరా ఆరుముగం కొడకా, నన్ను పోనియ్యవా? మీ నాయన నాకు గుడ్డ ఇచ్చేదానికీ ఇట్లనే పట్టుకుంటాడు.”

జనం నవ్వారు. అణ్ణామలై నవ్వలేదు. పరుగున వచ్చి మొహంలో మొహం పెట్టి చూశాడు.

“ఎన్నా తంబీ? ఏమయినాది?”

జానకిరామన్ వంగి, రెక్క అడుగున ఆ చోట వేలు పెట్టాడు. వేలు తీయలేదు.

అణ్ణామలై ఆ వేలునూ, గుడ్డనూ చూశాడు. గుడ్డ మీద ఏమీ కనబడలేదు. తర్వాత రెండు చేతులూ ఎత్తి అడ్డంగా ఊపాడు. ఇంజను ఆగిపోయింది.

వరదప్పసెట్టిని దించారు. మేనేజరు వచ్చి ఏమైందన్నాడు. అణ్ణామలై నేల మీద పడుకుని, జేబులోంచి కత్తి తీసి, వేలు పెట్టిన చోట గుడ్డను నాలుగు వైపులా కోశాడు. దీపం తెమ్మని, చెయ్యి లోపలికి పెట్టి, చెక్క ఎముకను ఈ కొస నుంచి ఆ కొసకు తడిమాడు. గోటితో కొట్టి విన్నాడు. మళ్లీ తడిమాడు. జానకిరామన్‌కు ఆ చెక్క పగిలి ఉండాలని అనిపించింది. పగిలి ఉంటే ఇంత గొడవకు ఒక అర్థం ఉంటుంది.

చెక్క పగలలేదు. గీత కూడా లేదు.

మేనేజరుకు అణ్ణామలై మీద కోపం ముంచుకొచ్చింది. ఏమీ కాని దానికి బాగున్న రెక్క కోసి, ఇంతమంది పెద్దల ముందు నవ్వులపాలు చేశావా అని అరిచాడు. కొత్త పూతలు ఆరేదాకా విమానం లేవదు. ఆ రోజు సంబరం అయిపోయినట్టే. జనంలోంచి ఈలలు మొదలయ్యాయి.

అణ్ణామలై లేచి నిలబడ్డాడు. “బాగుండాదని ఇప్పుడు తెలిసినాది. ఇందాక తెలీదు సార్. తెలీకుండానే బాగుండాదని సంతకం పెట్టినాను. ఆ తప్పు నాది.”

ఈ అబ్బాయి ఏం చేశాడు అని మేనేజరు అడిగాడు. గుడ్డ చిరిగితే కుట్టాడు, తర్వాత నాకు చెప్పాడు, నేనే తెరిచి చూడలేదు అన్నాడు అణ్ణామలై. చెప్పాడు అనే మాటను గట్టిగా, అందరికీ వినబడేలా అన్నాడు. అది నిజం కాదని అక్కడ ఇద్దరికే తెలుసు.

కోసి పడేసిన గుడ్డముక్కను వరదప్పసెట్టి తీసుకున్నాడు. వెండిరంగు వైపు చూశాడు, తిప్పి లోపలి వైపు చూశాడు. జీవితమంతా గుడ్డలో లోపం వెతికిన మనిషి. దాన్ని సూర్యుడికి ఎదురుగా పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. లోపలి వైపున పోగుల కొసలు సన్నగా కనబడుతున్నాయి.

“ఇది అమరావతి చేతి వరుస,” అన్నాడు. అరవలేదు, మామూలుగా అన్నాడు. “ఇన్నేండ్లూ నా అరుగు మీద ఇట్లాంటివి ఎన్ని దాటినాయో గదమ్మా.”

నేత వీధివాళ్లందరూ ఆమె వైపు తిరిగారు. వాళ్లలో సగంమంది తమ గుడ్డలు ఆమె ఒళ్లో పెట్టి బాగుచేయించుకున్నవాళ్లే. ఒక్కరూ నోరు విప్పలేదు. అమరావతి కొంగు మొహం మీదికి లాక్కుని, జనం మధ్యలోంచి దారి చేసుకుని పోయింది. ఆరుముగం ఆమె వెనకే పోయాడు. జానకిరామన్ ఆ వీపులు రెండూ చిన్నవయ్యేదాకా చూశాడు. పిలవలేదు. పిలిస్తే తిరిగి తన మొహం చూస్తారని భయం.

అణ్ణామలై తన సంతకం సంగతి తానే సర్కారుకు తెలియజేశాడు. ఎవరూ అడగలేదు. మేనేజరు వద్దన్నాడు కూడా. చూడకుండా సంతకం పెట్టినవాడి లైసెన్సును విచారణ దాకా నిలిపేశారు. నిలిపేసినవాడిని కంపెనీ ఉంచుకోలేదు. ఆయన జోలార్పేట రైలు షెడ్డుకు తిరిగిపోయాడు. చెప్పినవాడు అని పేరు పడ్డ జానకిరామన్‌ను మాత్రం మద్రాసు షెడ్డుకు రమ్మన్నారు.

ఆ కబురు వచ్చినప్పుడు ఇంట్లో ఎవరూ సంతోషపడలేదు. అప్పటికి వరదప్పసెట్టి వాళ్ల గుడ్డను రెండు వైపులా తిప్పి చూడడం మొదలుపెట్టాడు. అమరావతి సూది ముట్టుకోవడం మానేసింది. తెగిన పోగు తెగినట్టే అరుగు మీదికి పోయేది. ఇదెవరిది అంటే ఆరుముగం చెయ్యెత్తేవాడు. పోయే ముందు కొడుకు కాళ్లకు మొక్కితే, “నేర్పింది నేనే గదా,” అని మాత్రం అంది ఆమె.

మద్రాసు రైలు ఎక్కాల్సినవాడు దానికి ఎదురు రైలు ఎక్కి జోలార్పేటలో దిగాడు. అణ్ణామలై ఒక ఇంజను కింద గుంటలో ఉన్నాడు. సుత్తితో ఒక్కొక్క బోల్టునూ కొట్టి చెవి పెట్టి వింటున్నాడు. జానకిరామన్ గుంట అంచున కూర్చుని, ఇన్నాళ్లూ మోస్తున్నది చెప్పాడు. ఆ రోజు తాను చెప్పలేదనీ, చెప్పాడని మీరు అన్నారనీ, ఆ అబద్ధం మీద తన ఉద్యోగం నిలబడి ఉందనీ, దాన్ని వదులుకుంటాననీ చెప్పాడు.

అణ్ణామలై సుత్తి దించలేదు. “వదులుకుంటే నా లైసెన్సు తిరిగొస్తుందా?”

“రాదు సార్.”

“మరి ఎవురికోసరం వదిలేది? నీ సిగ్గు పోయేదానికా?”

ఆయన గుంటలో పక్క బోల్టు దగ్గరికి జరిగాడు.

“ఆ పొద్దు నీ చెయ్యి వదల్లేదు. అదే లేకుంటే నువ్వు ఈ గడప తొక్కినా నేను మాట్లాడను,” అన్నాడు అణ్ణామలై. “కానీ చెయ్యి ప్రతిసారీ పట్టుకోదు తంబీ. నోరు నేర్చుకో. సిగ్గును పెట్టుకో, పోనీకు. పని చేసేటప్పుడు అక్కరకొస్తాది.”

ఇంకో బోల్టు కొట్టి విన్నాడు. పో, రైలు తప్పిపోతుంది అన్నాడు.

జానకిరామన్ మద్రాసు షెడ్డులో ఏళ్లు పనిచేశాడు. పరీక్ష ప్యాసయ్యాడు, లైసెన్సు తెచ్చుకున్నాడు. అతని అతుకులు అందవికారంగా, మోటుగా ఉండేవి. పక్కవాళ్లు వాటిని చూసి, నేతగాడి కొడుకై ఉండి ఇదేం కుట్టయ్యా అని ఎగతాళి చేసేవారు. అణ్ణామలై లైసెన్సును తిరిగి ఇస్తామని ఒకసారి కబురు పోయిందట. ఆయన రైలు షెడ్డు నుంచి కదలలేదు. అక్కడే పనిచేసి, అక్కడే పోయాడు. ఆయన పేరు ఏ విమానం మీదా లేదు, ఏ గోడ మీదా లేదు.

మీరు ఎప్పుడైనా విమానం ఎక్కి, కిటికీలోంచి రెక్క మీద రంగు కలవని ఒక ముక్క చూస్తే, అసహ్యించుకోకండి. ఎవరో తాను చేసిన పనిని దాచుకోకుండా వదిలిపెట్టారని అనుకోండి. అప్పుడు తిరుపత్తూరు అణ్ణామలైని ఒక్కసారి తలుచుకోండి. బాగున్న రెక్కను కోసి, తన బతుకు పోగొట్టుకున్న మనిషి ఆయన.